పక్కనే నడిచే సర్వర్, పొలిమేర దాటే సమాచారం

పారమట్టా స్క్వేర్‌లోని రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లోనో, బ్యాంకుల్లోనో పనిచేసే తెలుగువాళ్లకు ఏఐ అసిస్టెంట్‌కు తమ ఫైళ్లు చూపాలా వద్దా అన్న ప్రశ్న పెద్దగా ఎదురుకాదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో, ఏది ఉండకూడదో ఐటీ విభాగమే తేల్చేస్తుంది. ఒక్క స్టేషన్ దూరంలోని హారిస్ పార్క్‌లో, ఇటు వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉన్న చిన్న ఆఫీసుల సంగతి వేరు. ఇద్దరు ముగ్గురితో నడిచే అకౌంటింగ్ ఆఫీసు, వీసా ఏజెంటు గది, డాక్టరుగారి క్లినిక్: ఇలాంటి చోట్ల కంప్యూటర్ కొన్నవారు, పాస్‌వర్డ్ పెట్టినవారు, ఏఐ అసిస్టెంట్‌ను దించుకున్నవారు ఒక్కరే. మన ఫోల్డర్లను అదే చదివి కావలసింది వెతికిపెడితే బాగుండుననిపించిన పూటే ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను, అంటే టూల్ సర్వర్‌ను, పెట్టేసుకోవచ్చు. వద్దని చెప్పేవారుండరు.

పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఏ పద్ధతిలో, పెట్టాక దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న చర్చ 2024 చివర్లో మొదలై ఇప్పటికి బాగా చిక్కుపడింది. ప్రోగ్రామర్లు సౌకర్యం గురించి మాట్లాడతారు, భద్రతా పరిశోధకులు ప్రమాదం గురించి, లాయర్లు బాధ్యత గురించి. ఒకరి వాదన మరొకరి చెవికెక్కిన దాఖలాలు తక్కువ. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే, ఎక్కువ వాదులాట జరుగుతున్నది ఇన్‌స్టలేషన్ గురించి. అసలు తేల్చుకోవలసింది మాత్రం టూల్ ఏం చదువుతుంది, చదివింది ఎక్కడికి పంపుతుంది అన్నది.

ఇక్కడిదాకా వచ్చిన దారి

భాషా నమూనాలకు బయటి పనిముట్లు అందించాలన్న ఆలోచన కొత్తది కాదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన లాంగ్‌చైన్ అనే కోడ్ లైబ్రరీ ఆ పనిని ప్రోగ్రామర్లకు సులువు చేసింది. 2023 మార్చిలో ఓపెన్ఏఐ చాట్‌జీపీటీకి ప్లగిన్లు ప్రకటించింది, జూన్‌లో ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. ప్లగిన్లు ఏడాది తిరిగేసరికి మూలనపడ్డాయి. ఫంక్షన్ కాలింగ్ నిలిచింది కానీ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒకరి మోడల్ కోసం రాసిన టూల్ ఇంకొకరి దగ్గర పనిచేయదు. పది అసిస్టెంట్లు, వంద సాఫ్ట్‌వేర్లు ఉంటే వెయ్యి అతుకులు వేయాలి.

ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ల ప్రపంచంలో సరిగ్గా ఇదే తలనొప్పికి 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌తో మందు వేసింది. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి ప్రోగ్రామింగ్ భాషనూ విడివిడిగా నేర్పకుండా, మధ్యన ఒక ఉమ్మడి ఒప్పందం పెట్టింది. ఏఐ సంస్థ ఆంత్రోపిక్‌లో పనిచేస్తూ డేవిడ్ సోరియా పారా, జస్టిన్ స్పార్-సమ్మర్స్ ఆ పద్ధతి స్ఫూర్తితోనే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను తయారుచేశారు. 2024 నవంబర్ 25న అది బయటికి వచ్చింది. అందరూ ఎంసీపీ అంటున్నది దీన్నే. ఆంత్రోపిక్ వారి డెస్క్‌టాప్ యాప్ అప్పటికి నెల కిందటే వచ్చింది, టూల్ సర్వర్లను మొదట వాడింది అందులోనే.

మొదటి మూడు నాలుగు నెలలు ఇది ప్రోగ్రామర్ల ముచ్చటగానే ఉంది. 2025 మార్చిలో ఓపెన్ఏఐ, ఏప్రిల్‌లో గూగుల్ డీప్‌మైండ్ తామూ దీన్నే వాడతామని ప్రకటించాక పరిస్థితి మారింది. ప్రత్యర్థులు ఒకే ప్రమాణానికి ఇంత త్వరగా ఒప్పుకోవడం ఈ రంగంలో అరుదు. మే నెలలో మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు దీన్ని జోడిస్తానంది. 2025 డిసెంబర్‌లో ఆంత్రోపిక్ ఈ ప్రోటోకాల్‌ను లైనక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్‌కు అప్పగించింది. ఏ ప్రమాణం గెలుస్తుందన్న మొదటి తగువు దాంతో తీరినట్టే. మిగతావన్నీ ఆ తర్వాత పుట్టినవే.

బల్ల మీద నిజంగా జరిగేది

సర్వర్ అనగానే చల్లగదిలో వరుసగా పెట్టిన యంత్రాలు కళ్లముందుకొస్తాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. డెస్క్‌టాప్ అసిస్టెంట్‌కు ఒక చిన్న సెట్టింగ్స్ ఫైలు ఉంటుంది, జేసన్ పద్ధతిలో రాసింది. అందులో మూడు ముక్కలు చెబుతాం: ఈ సర్వర్ పేరు ఇది, దీన్ని నడిపే ఆదేశం ఇది, ఆ ఆదేశానికి ఇవ్వవలసిన వివరాలు ఇవి. యాప్ తెరిచినప్పుడు ఆ ఆదేశాన్ని అదే నడుపుతుంది. అలా లేచిన చిన్న ప్రోగ్రామే టూల్ సర్వర్. రెండింటి మధ్యా నెట్‌వర్క్ అవసరం లేదు. ఒకరి స్టాండర్డ్ అవుట్‌పుట్ ఇంకొకరి ఇన్‌పుట్‌గా, జేసన్-ఆర్‌పీసీ సందేశాలు అటూ ఇటూ తిరుగుతాయి. ముందు పరిచయ సందేశం, తర్వాత 'నీ దగ్గర ఏ టూల్స్ ఉన్నాయి' అన్న ప్రశ్న, ఆపైన అవసరం వచ్చినప్పుడల్లా 'ఫలానా టూల్‌ను ఫలానా వివరాలతో నడుపు' అన్న పిలుపు.

పని ఇంత సులువైనా, మొదటిసారి పెట్టేవారు ఎక్కువగా పడే గుంటలు కొన్ని ఉన్నాయి. విండోస్‌లో ఫోల్డర్ చిరునామాలోని వెనక్కి వాలిన గీతను జేసన్‌లో రెండుసార్లు రాయాలి. ఒక్కటే రాస్తే సాధారణంగా ఫైలు మొత్తం చెల్లదు. చివరి వరుస తర్వాత కామా మిగిలిపోయినా అంతే. సర్వర్ ప్యాకేజీని దించి నడిపే ఎన్‌పీఎక్స్ ఆదేశం మ్యాక్‌లో టెర్మినల్ నుంచి చక్కగా నడిచినా, యాప్ నుంచి నడపబోతే దొరకలేదంటుంది, ఎందుకంటే టెర్మినల్‌కు తెలిసిన దారులు ఐకాన్ నొక్కి తెరిచిన యాప్‌కు తెలియవు. పూర్తి చిరునామా ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. సెట్టింగ్ మార్చాక కిటికీ మూసి మళ్లీ తెరిస్తే చాలదు, కింద మూలన దాక్కున్న యాప్‌ను పూర్తిగా ఆపాలి.

సొంతంగా సర్వర్ రాసుకునేవారిని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ప్రింట్ ఆదేశం. ప్రోగ్రాం ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి నేర్చుకున్న మొదటి రోజు నుంచీ అందరూ వాడేది అదే. ఇక్కడ స్టాండర్డ్ అవుట్‌పుట్ అంటే అసిస్టెంట్‌తో మాట్లాడే గొట్టం. 'ఇక్కడిదాకా వచ్చింది' అని ఒక్క ముక్క ప్రింట్ చేస్తే అది జేసన్ సందేశాల నడుమ ఇరుక్కుని సంభాషణనే చెడగొడుతుంది. అలాంటి మాటలు ఎర్రర్ గొట్టంలోకి పంపాలి. అక్కడ రాసినవి యాప్ లాగ్ ఫైల్లో చేరతాయి, తీరిగ్గా చదువుకోవచ్చు.

ఈ ఇబ్బందుల వల్లే 2025 జూన్‌లో ఆంత్రోపిక్ డెస్క్‌టాప్ ఎక్స్‌టెన్షన్లు తెచ్చింది. సర్వర్ మొత్తాన్ని ఒక్క మూటగా కట్టి, రెండుసార్లు నొక్కితే ఎక్కేలా చేసింది. రహస్య కీలను సెట్టింగ్స్ ఫైల్లో అందరికీ కనిపించేలా రాయకుండా కంప్యూటర్ తాళాల పెట్టెలో దాచే ఏర్పాటు కూడా అందులో ఉంది. చేత్తో ఫైలు దిద్దే పద్ధతికి కాలం చెల్లిందని కొందరు అంటున్నది అందుకే. అయితే మూటలో ఏముందో విప్పి చూసే అలవాటు కూడా దాంతోపాటే పోతోంది. దిద్దుతూ అవస్థపడినవాడికి కనీసం ఏ ఆదేశం నడుస్తోందో తెలిసేది.

తెలుగు ఫైలు దగ్గర ఆగిపోయే చోటు

ఇంగ్లిష్‌లో రాసిన గైడ్లలో కనిపించని ఇబ్బంది ఒకటుంది. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు, 2021 నాటికి దాదాపు 59 వేలు. వీళ్ల కాగితాల్లో తెలుగు ఉండక తప్పదు. ఊళ్లోని పొలం పత్రాలు, అమ్మానాన్నల వీసా కోసం సేకరించినవి, సంఘం సమావేశాల మినిట్స్ లాంటివి. వాటిని చదవడానికి పైథాన్‌లో పది వరుసల టూల్ రాసి, విండోస్ మీద నడిపితే చాలాసార్లు మొదటి ఫైలు దగ్గరే ఆగిపోతుంది.

కారణం ఇది. ఇంగ్లిష్ (ఆస్ట్రేలియా) సెట్టింగ్‌తో ఉన్న విండోస్‌లో, ఏ లిపి పద్ధతిలో చదవాలో చెప్పకపోతే పైథాన్ 1252 అనే పాత కోడ్ పేజీని పట్టుకుంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు. కొమ్ముకు చివరి బైటు 81, పొల్లుకు 8డి. ఈ రెండూ 1252లో ఖాళీగా వదిలేసిన గళ్లు. అంటే 'తెలుగు' అన్న మాటను కూడా అది చదవలేదు, మొదటి కొమ్ము రాగానే చేతులెత్తేస్తుంది. ఇలాంటి ఖాళీ గళ్లు తగలని వాక్యం దొరికితే ఇంకా ప్రమాదం: ఆగకుండా చదివేసి, చెత్త అక్షరాలను అసిస్టెంట్‌కు అందిస్తుంది. అసిస్టెంట్ దాన్నే నమ్మి ఏదో ఒక సమాధానం అల్లుతుంది. ఫైలు తెరిచే ఆదేశంలో యూటీఎఫ్-8 అని చెప్పడమో, పైథాన్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో నడపమని సెట్టింగ్స్‌లో ఒక వరుస రాయడమో చేస్తే తీరిపోతుంది. పైథాన్ 3.15 నుంచి ఇది తనంతట తానే సర్దుకునేలా చేయాలని ఆ భాష నిర్వాహకులు నిర్ణయించారు.

దీని తోక ఇంకొకటుంది. మోడల్ పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా చదువుతుంది. అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో చెబితే అయ్యే టోకెన్లకంటే తెలుగులో ఎక్కువ అవుతాయి. ఫైలు మొత్తాన్ని తెచ్చి అసిస్టెంట్ ముందు పోసే టూల్, తెలుగు ఫైలు విషయంలో మరింత ఖరీదు.

వాదించుకునే నాలుగు పక్షాలు

మొదటి పక్షం, సర్వర్ మన యంత్రంలోనే ఉండాలనేవారు. ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి, ఏ పోర్టూ తెరవనక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఎవరికీ కనబడదు, కోడ్ మన కళ్లెదుట ఉంటుంది. ఇవన్నీ నిజమే. వీరు తేలిగ్గా దాటేసేది ఒకటుంది: టూల్ నడిచేది ఇక్కడే అయినా, అది తిరిగిచ్చిన జవాబు చదవవలసిన మోడల్ ఉన్నది వేరేచోట. టూల్ ఒక పీడీఎఫ్‌ను తెరిచి అందులోని పాఠం మొత్తం ఇస్తే, ఆ పాఠం మొత్తం కంపెనీ డేటా సెంటర్‌కు చేరుతుంది. పారమట్టాలో ఎక్కువమంది పొరబడుతున్నది ఇక్కడే.

రెండో పక్షం రిమోట్ కనెక్టర్ల వారిది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారే సర్వర్ నడుపుతారు. మనం లాగిన్ అయి అనుమతి ఇస్తే చాలు. 2025 మార్చి నాటి ప్రోటోకాల్ సవరణ రిమోట్ రవాణా పద్ధతిని మార్చి, అనుమతులకు ఓఆత్ అనే ప్రమాణాన్ని చేర్చింది. అప్‌డేట్లు, మరమ్మతులు వాళ్లే చూసుకుంటారు. చిన్న ఆఫీసులకు ఇదే మేలని వీరి వాదన, అందులో బలముంది. అయితే ఈ కనెక్టర్లకు పిలుపు వచ్చేది అసిస్టెంట్ కంపెనీ క్లౌడ్ నుంచి, మన కంప్యూటర్ నుంచి కాదు. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఫైల్ సర్వర్‌ను ఇది చేరలేదు. చాట్‌జీపీటీ 2025 సెప్టెంబర్‌లో డెవలపర్ మోడ్ తెచ్చినప్పుడు కూడా రిమోట్ సర్వర్లకే చోటిచ్చింది. దాంతో కొందరు సొంత యంత్రం నుంచి ఇంటర్నెట్‌కు సొరంగం తవ్వి లోకల్ సర్వర్‌ను బయటపెడుతున్నారు. తాళం లేని సొరంగం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ చెప్పే దారులన్నిటిలో నాకు బొత్తిగా నచ్చనిది ఈ సొరంగమొక్కటే.

మూడోవారు అసలు ఈ ప్రోటోకాలే ఎందుకంటారు. మోడల్‌కు కమాండ్ లైన్ వాడటం వచ్చు, ప్రోగ్రాం రాయడం వచ్చు, మధ్యలో ఈ దళారీ ఏమిటని ప్రశ్న. వీరి చేతిలో గట్టి లెక్క ఉంది. చాలా యాప్‌లు తగిలించిన సర్వర్లన్నిటి టూల్స్ వర్ణనలనూ ముందే మోడల్ ముందు పరుస్తాయి, పని మొదలుకాకముందే టోకెన్లు ఖర్చవుతాయి. 2025 సెప్టెంబర్‌లో క్లౌడ్‌ఫ్లేర్, టూల్స్‌ను నేరుగా పిలవకుండా మోడల్‌తో కోడ్ రాయించే పద్ధతిని ప్రతిపాదించింది. నవంబర్‌లో ఆంత్రోపిక్ కూడా అదే బాటలో ఒక ఉదాహరణ చూపింది: 1,50,000 టోకెన్లయ్యే పని 2,000 టోకెన్లతో అయిపోయింది. ప్రోటోకాల్‌ను పుట్టించినవారే ఈ మాటన్నారు కాబట్టి ఇది ఓడిపోయినవారి గొణుగుడు కాదు. కానీ మోడల్‌కు కమాండ్ లైన్ అప్పగించడమంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇవ్వడమే. అకౌంటెంటు ఆఫీసుకు అంత స్వేచ్ఛ అక్కర్లేదు.

నాలుగోవారు మోడల్‌నే ఇంటికి తెచ్చుకుంటారు. మామూలు కంప్యూటర్లో మోడళ్లను నడిపే లామా.సీపీపీ 2023 మార్చిలో వచ్చినప్పటి నుంచీ ఈ పక్షం బలపడుతోంది. ఒల్లామా, ఎల్ఎం స్టూడియో లాంటివి ఇన్‌స్టలేషన్‌ను చాలా తేలిక చేశాయి. ఎల్ఎం స్టూడియో 2025 జూన్ నుంచి ఎంసీపీ సర్వర్లనూ కలుపుకుంటోంది. టూల్, మోడల్ రెండూ బల్ల మీదే ఉంటే సమాచారం గడప దాటదు, గోప్యత ప్రశ్న చాలావరకు అక్కడితో ముగుస్తుంది. ఎనిమిది వందల కోట్ల పారామీటర్ల మోడల్‌ను నాలుగు బిట్లకు కుదిస్తే సుమారు 5 గిగాబైట్లలో ఇమిడిపోతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఆ పరిమాణంలో టూల్స్‌ను తప్పులేకుండా పిలవడంలో తడబాటు కనిపిస్తుంది. తెలుగు చదవడంలోనైతే ఇంకా ఎక్కువ.

పక్కపక్కన పెట్టి చూస్తే: మొదటి దారిలో కోడ్ మనది, జవాబు వెళ్లేది క్లౌడ్‌కు. రెండోదానిలో రెండూ ఇతరులవే కానీ నిర్వహణ భారం లేదు. మూడోది చవక, పట్టు మాత్రం తక్కువ. నాలుగోదానిలో గోప్యత చాలావరకు మనది, తెలివి కొంత తక్కువ. ఒక్క దారే అందరికీ సరిపోతుందనేవారు ఎవరైనా సరే ఏదో ఒకటి దాస్తున్నట్టే.

ఇప్పటికే జరిగినవి

భద్రత గురించి మొదట్లో వచ్చినవి హెచ్చరికలే. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు టూల్ వర్ణనలోనే దొంగ ఆదేశాలు దాచవచ్చని చూపించారు. టూల్ పేరు, సంక్షిప్త వివరం మనకు కనిపిస్తాయి. మోడల్‌కు మాత్రం లోపల రాసిందంతా కనిపిస్తుంది. మే నెలలో వాళ్లే, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సేవకు కలిపే సర్వర్‌తో ఇంకో ప్రయోగం చేశారు. అందరికీ తెరిచి ఉన్న ఒక ప్రాజెక్టులో ఎవరో బయటివాడు ఫిర్యాదు రూపంలో ఆదేశం రాసిపెడితే, దాన్ని చదివిన అసిస్టెంట్ యజమాని ప్రైవేటు ప్రాజెక్టుల వివరాలు తీసి బహిరంగంగా పెట్టేసింది. సర్వర్ కోడ్‌లో తప్పేమీ లేదు. చదివినదానికీ ఆదేశానికీ తేడా మోడల్‌కు తెలియకపోవడమే లోపం.

జూన్‌లో ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ ఈ ప్రమాదాన్ని మూడు ముక్కల్లో కుదించాడు: ప్రైవేటు సమాచారం చదివే వీలు, బయటివారు రాసినది చదివే వీలు, బయటికి పంపే వీలు. మూడూ ఒకే అసిస్టెంట్ చేతిలో కలిస్తే దొంగకు తలుపు తీసినట్టే. ఈ చర్చ మొత్తంలో చిన్న ఆఫీసుకు నేరుగా పనికొచ్చే సూత్రం ఇదేనని నా అభిప్రాయం. క్లయింట్ల ఫోల్డర్, ఆఫీసు ఇన్‌బాక్స్, ఈమెయిల్ పంపే టూల్ మూడింటినీ ఒకేసారి తగిలించిన అకౌంటెంటుకు మూడూ నిండినట్టే. ఎవరో పంపిన ఇన్వాయిస్ పీడీఎఫ్‌లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో రాసిన ఒక వాక్యం చాలు. పంపే టూల్‌ను తీసేస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, సౌకర్యం కొద్దిగానే తగ్గుతుంది.

జూలైలో బయటపడినది హెచ్చరిక స్థాయి దాటింది. లోకల్ యాప్‌ను రిమోట్ సర్వర్‌కు కలిపే ఎంసీపీ-రిమోట్ అనే ప్యాకేజీలో జేఫ్రాగ్ పరిశోధకులు కనిపెట్టిన లోపానికి 10కి 9.6 తీవ్రత ఇచ్చారు. దుష్ట సర్వర్‌కు కలిస్తే అది మన కంప్యూటర్ మీద ఆదేశాలు నడపగలదు. సెప్టెంబర్‌లో అయితే ఏకంగా దొంగ సర్వరే దొరికింది. పోస్ట్‌మార్క్ అనే ఈమెయిల్ సేవ పేరు పెట్టుకున్న ప్యాకేజీ ఒకటి పదిహేను వెర్షన్ల దాకా బుద్ధిగా పనిచేసి, 1.0.16లో ఒకే ఒక్క వరుస చేర్చుకుంది. పంపే ప్రతి ఈమెయిల్ నకలు గుట్టుగా మూడో చిరునామాకు వెళ్లేలా. కోయ్ సెక్యూరిటీ వారు పట్టుకునేవరకు అది అలాగే సాగింది.

గైడ్లలో కనిపించే సెట్టింగ్ వరుసల్లో ప్యాకేజీ పేరు ఉంటుంది కానీ వెర్షన్ సంఖ్య సాధారణంగా ఉండదు. అడగకుండా దించుకొమ్మనే అనుమతి మాత్రం ఉంటుంది. వెర్షన్ రాయకపోతే ఏది దిగుతుందో మన చేతుల్లో ఉండదు. నిన్న పరీక్షించి నమ్మినది రేపు నడిచేది కాకపోవచ్చు. పైగా ఆ ప్రోగ్రాం మన పేరు మీదే, మన అనుమతులన్నిటితోనే నడుస్తుంది. మిగతా కంప్యూటర్‌తో సంబంధం లేకుండా డాకర్ అనే పెట్టెలో బంధించి నడపడం మంచిదని జాగ్రత్తపరులు అంటారు. ఫోల్డర్లు చదివే సర్వర్‌కు డాక్యుమెంట్స్ మొత్తం అప్పగించకుండా ఒక్క ఫోల్డరే చూపడం అంతకన్నా సులువు, అందరూ చేయగలిగింది.

న్యూ సౌత్ వేల్స్‌లో చట్టం

ఇక లాయర్ల వాదన. ఆస్ట్రేలియా గోప్యతా చట్టం 1988 నాటిది. ఏడాదికి 30 లక్షల డాలర్లకు మించని టర్నోవర్ ఉన్న చిన్న వ్యాపారాలకు అది చాలావరకు వర్తించదు. ఆ మినహాయింపు తమకుందనుకుని నిశ్చింతగా ఉండే చిన్న ఆఫీసులు ఇక్కడ చాలానే. క్లినిక్‌లకు అది లేదు, ఎంత చిన్నదైనా సరే. ఆరోగ్య సమాచారం మీద న్యూ సౌత్ వేల్స్‌కు 2002 నాటి సొంత చట్టం కూడా ఉంది. పన్ను ఫైల్ నంబర్లు పెట్టుకునే ఏ ఆఫీసుకైనా ఆ నంబర్ల విషయంలో గోప్యతా చట్టం కింది ప్రత్యేక నియమం కట్టుబాటే. అకౌంటెంటు ఫోల్డర్లలో పన్ను ఫైల్ నంబర్లు ఉండక తప్పదు.

చట్టం పరిధిలోకి వచ్చినవారు విదేశంలోని సంస్థకు వ్యక్తిగత సమాచారం వెల్లడిస్తే, అక్కడ జరిగే పొరపాటుకు కూడా ఇక్కడివారే జవాబుదారీ కావచ్చునని గోప్యతా సూత్రాల్లో ఎనిమిదోది చెబుతుంది. 2024 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా సమాచార కమిషనర్ కార్యాలయం, బహిరంగంగా దొరికే జనరేటివ్ ఏఐ టూల్స్‌లో వ్యక్తిగత సమాచారం పెట్టవద్దని సలహా ఇచ్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రాక్టీస్ నోట్, అఫిడవిట్ల విషయాన్ని ఏఐతో తయారుచేయకూడదని కట్టడి చేసింది. కోర్టు ప్రక్రియలో చేతికొచ్చిన రహస్య పత్రాలు ఏ వ్యవస్థలోకి వెళ్లవచ్చో కూడా నిర్దేశించింది. విదేశానికి పంపడం ఇష్టంలేకపోతే, మోడల్‌ను అమెజాన్ క్లౌడ్ సేవ బెడ్‌రాక్‌లో సిడ్నీ రీజియన్ ద్వారా వాడే దారి ఉంది. అది ప్రోగ్రామరు తోడున్నవారికి, మామూలు చందాతో డెస్క్‌టాప్ యాప్ వాడేవారికి కాదు.

ఈ రాష్ట్రంలోనే జరిగిన ఒక ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. నార్తర్న్ రివర్స్ వరద బాధితుల ఇళ్ల పథకానికి దరఖాస్తు చేసినవారి వివరాలున్న స్ప్రెడ్‌షీట్‌ను 2025 మార్చిలో ఒక మాజీ కాంట్రాక్టరు చాట్‌జీపీటీకి ఎక్కించారని రాష్ట్ర పునర్నిర్మాణ సంస్థ అక్టోబర్‌లో వెల్లడించింది. 12,000కు పైగా వరుసలు, ప్రభావితులు 3,000 మంది వరకు ఉండవచ్చని చెప్పింది. అందులో టూల్ సర్వర్ పాత్ర లేదు, ఒక మనిషి ఫైలు ఎంచుకుని ఎక్కించాడు. టూల్ సర్వర్ ఉన్నచోట ఆ ఎంచుకోవడం కూడా అక్కర్లేదు. 'పోయిన త్రైమాసికం లెక్క చూడు' అంటే అసిస్టెంటే ఫైలు వెతికి తెరుస్తుంది.

ఇన్‌స్టలేషన్ కన్నా టూల్ ఎలా రాశామన్నదే ముఖ్యమని నేను అనేది ఇందుకే. ఇన్వాయిస్ వెతికే టూల్ రెండు విధాలుగా రాయవచ్చు. మొదటిది పీడీఎఫ్ పాఠమంతా తిరిగిస్తుంది, పేరు, చిరునామా, పన్ను ఫైల్ నంబర్ ఉంటే దానితో సహా. రెండోది ఇన్వాయిస్ సంఖ్య, తేదీ, మొత్తం మాత్రమే ఇస్తుంది, తొమ్మిది అంకెల నంబరు కనబడితే చుక్కలు పెడుతుంది. కోడ్‌లో తేడా పది వరుసలు. దించుకున్న రెడీమేడ్ ఫైల్ సర్వర్లు చాలావరకు మొదటి రకమే, ఎందుకంటే వాటికి మన ఆఫీసులో ఏది రహస్యమో తెలియదు. పారమట్టా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఆ పది వరుసలు రాయగలిగినవారు కరువా? శనివారం సాయంత్రం భోజనాల దగ్గర అడిగినా దొరుకుతారు.

ఇంకా తేలనివి

అనుమతి అడిగే పెట్టె సంగతి మొదటిది. టూల్ నడిపే ముందు మనిషికి కాదనే అవకాశం ఉండాలని ప్రోటోకాల్ అంటుంది, కానీ అది సూచనగానే, తప్పనిసరి నిబంధనగా కాదు. యాప్‌లు అడుగుతాయి, పక్కనే 'ఎప్పుడూ అనుమతించు' అన్న బొత్తం కూడా పెడతాయి. పదోసారి అడిగేసరికి చదివి నొక్కేవారెంతమంది? చదవడానికి మాత్రమే, చెరిపే పని చేయదు అని టూల్ తన గురించి తాను చెప్పుకోవచ్చు. నమ్మదగిన సర్వర్ కాకపోతే ఆ మాటను నమ్మవద్దని ప్రోటోకాలే చెబుతుంది. ఏది నమ్మదగినదో అందరికీ కలిపి తేల్చేవారు లేరు. 2025 సెప్టెంబర్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన అధికారిక రిజిస్ట్రీ సర్వర్ల చిట్టా మాత్రమే, నాణ్యత ముద్ర కాదు.

మాటల్లో దాచిన ఆదేశాలకు పూర్తి విరుగుడు ఇంకా రాలేదు. మోడళ్లు మునుపటికన్నా గట్టిపడ్డాయని కంపెనీలు అంటాయి, అది నిజం కూడా కావచ్చు. తాళం ఎంత మెరుగైనా, పత్రం రాసేవాడు శత్రువు కావచ్చన్న స్థితి మారదు.

చిన్న వ్యాపారాల మినహాయింపు ఎన్నాళ్లుంటుందన్నది ఇంకోటి. దాన్ని తీసేయాలన్న ప్రతిపాదనకు ఫెడరల్ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2024 సవరణల్లో మాత్రం అది లేదు. ఆ మినహాయింపు పోతే హారిస్ పార్క్‌లోని చాలా ఆఫీసులు మొదటిసారి పూర్తి చట్టం కిందికి వస్తాయి. అప్పుడు ఏ టూల్ ఏ ఫైలును ఎప్పుడు చదివింది, అందులో ఏ భాగం ఎక్కడికి వెళ్లింది అని క్లయింట్ అడిగితే చూపించవలసి రావచ్చు. ఆడిట్ కోసం ఇలాంటి దాఖలా ఉంచాలని ప్రోటోకాల్ సలహా ఇస్తుందే తప్ప అది ఏ రూపంలో, ఎన్నాళ్లు ఉండాలో చెప్పదు. యాప్ రాసే లాగ్ ఫైళ్లు లోపాలు వెతకడానికి పుట్టినవి, క్లయింట్‌కు లెక్క చెప్పడానికి కాదు. సొంత టూల్‌లో ప్రతి పిలుపుకూ తేదీ, ఫైలు పేరు, తిరిగిచ్చిన వరుసలు విడిగా రాసి ఉంచేవారు ఇప్పటికైతే తమకు తోచినట్టు రాసుకుంటున్నారు.